దారికి పరిహారం లేదు

కొల్లాపూర్ నుంచి ఆత్మకూరు ఎంత దూరం అని అడిగితే మా దిక్కు రెండు జవాబులు వస్తాయి. మ్యాపు మీద స్కేలు పెట్టి కొలిస్తే 40 కిలోమీటర్లకు అటూ ఇటూ. బస్సులో పోవాలంటే మాత్రం వనపర్తి వైపు ఎక్కి, పెబ్బేరు దగ్గర హైవే పట్టుకుని, కర్నూలు దాకా పోయి, అక్కడ బస్సు మారి మళ్లీ తూర్పుకు తిరగాలి. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం అన్నం వేళకు చేరడం అదృష్టమే. మా తాతల కాలంలో ఈ రెండో జవాబుతో పని లేదు. నడిచి సోమశిల రేవుకో మంచాలకట్ట రేవుకో దిగడం, పుట్టిలో కృష్ణ దాటడం, అవతలి గట్టెక్కి మళ్లీ నడవడం. పిల్లనిచ్చినా, పిల్లను తెచ్చుకున్నా, ఎడ్లు కొన్నా, మల్లన్నకు మొక్కు తీర్చినా ఆ దారినే.

ఆ దారి ఇప్పుడు శ్రీశైలం జలాశయం కింద ఉంది. ముంపు గురించి మాట్లాడుకునేటప్పుడు మనం ఇండ్లు లెక్కపెడతాం, పొలాలు లెక్కపెడతాం, గుళ్లు లెక్కపెడతాం. దారుల్ని ఎవరూ లెక్కపెట్టలేదు. ఈ వ్యాసం ఆ లెక్కలోకి రాని దాని గురించి. నిజం చెప్పాలంటే ఈ సంగతి నాకు తట్టింది కొల్లాపూర్‌లో కాదు, ఇంగ్లండులో, ఒక చలికాలం ఆదివారం నడక గుంపు వెంట పోయినప్పుడు. అందుకని ఆ దేశం కథ కూడా కొంత చెప్పక తప్పదు. ముందు మన దారి.

పల్లకీ ముందు నడిచినవాళ్లు

శ్రీశైలానికి నాలుగు ద్వారాలంటారు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. కొల్లాపూర్ ప్రాంతం ఈ చివరి రెంటికీ నడుమ, కృష్ణ ఒడ్డున ఉంది. జటప్రోలు, మంచాలకట్ట, సోమశిల, మల్లేశ్వరం... నది పొడవునా గుళ్లు ఇంత దగ్గర దగ్గరగా ఉండడానికి కారణం భక్తి ఒక్కటే కాదని నా అనుమానం. రేవు ఉన్నచోట మనుషులు ఆగుతారు. పుట్టి వచ్చేదాకా కూర్చోవడానికి ఒక నీడ కావాలి. నీడ ఉన్నచోట దీపం వెలుగుతుంది. సురభి వంశపు రాజులు కూడా ఈ రేవుల సంపాదన తెలిసినవాళ్లే. వాళ్ల రాజధాని మొదట జటప్రోలు, తర్వాత పెంట్లవెల్లి, చివరికి కొల్లాపూర్. రాజధాని ఊరు మారింది కానీ ఏటిని వదిలి దూరం పోలేదు.

ఈ దారిన నడిచిన వేలమందిలో రాసి పెట్టినవాడు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరు. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, కాశీ చూసుకుని 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. దారిపొడుగునా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు జాబులు రాశాడు. ఆయన పోయాక 1838లో ఆ మిత్రుడే వాటిని ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చు వేయించాడు. కడప, అహోబిలం, ఆత్మకూరు మీదుగా శ్రీశైలం చూసుకున్నాక ఆయన కృష్ణ దాటి పెంట్లవెల్లి, పానగల్లు, వనపర్తి మీదుగా హైదరాబాదు పోయాడు. అంటే రాయలసీమ నుంచి నిజాం రాజధానికి పోయేవాడికి ఇది అడవిబాట కాదు, మామూలు బాట. ఏ ఊళ్లో సరుకులు దొరుకుతాయి, ఎక్కడ నీళ్లున్నాయి, ఎక్కడ దారి రాతిగొట్టు, ఎక్కడ ఇసక అన్నది ఆయన మజిలీ మజిలీకి రాశాడు. కొల్లాపురం, వనపర్తి జమీందార్లు ఒకరి మీద ఒకరు పడి రైతుల్ని నలిపేస్తున్న సంగతి కూడా రాశాడు.

కానీ ఒక మాట. వీరాస్వామయ్య ఆ దారిన పోయింది పల్లకీలో. ఆయన వెంట దాదాపు వందమంది పరివారం. వాళ్లలో చాలామంది నడిచారు, బోయీలు ఆయన్ను మోస్తూ నడిచారు. దారి రాతిగొట్టు అని ఆయన రాసిందంటే, ఆ రాయి తగిలింది బోయీల అరికాళ్లకు. తెలుగులో మనకున్న గొప్ప నడక పుస్తకం ఇట్లా నడవనివాడు రాసింది. ఆయన్ను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ఆయన రాయకపోతే ఈ మాత్రం కూడా మిగిలేది కాదు. దారిని వాడేవాళ్లు ఒకరు, దారిని కాగితం మీద పెట్టేవాళ్లు ఒకరు అయినప్పుడు ఏం జరుగుతుందో 150 ఏళ్ల తర్వాత తెలిసింది. అందుకని ఈ సంగతి గుర్తుపెట్టుకోమంటున్నాను.

డెర్వెంట్ లోయలో ఒక వంతెన

ఉద్యోగం మీద కొన్నేళ్లు షెఫీల్డులో ఉన్నాను. అక్కడ ఆదివారాలు నడిచే గుంపులు బోలెడు. మాది పదిహేనుమంది దాకా ఉండేది, సగానికి పైగా పింఛను తీసుకునేవాళ్లే. ఆ డిసెంబరు ఆదివారం ఫెయిర్‌హోమ్స్ నుంచి డెర్వెంట్ లోయ పైకి పోయి రావాలని ముందే అనుకున్నాం. రానూపోనూ పదిమైళ్ల పైమాటే. అక్కడ డిసెంబరులో నాలుగు కాకముందే పొద్దు గూకుతుంది కాబట్టి పొద్దున తొమ్మిదింటికే మొదలుపెట్టాం. గుంపును నడిపే ఆయన బయల్దేరేటప్పుడు తలలు లెక్కపెట్టుకున్నాడు. ఒకరి సంచిలో ఫ్లాస్కు, ఒకరి దాంట్లో అదనపు మేజోళ్లు. ఎండిపోయి తుప్పురంగుకు తిరిగిన ఫెర్న్ పొదలు, గొర్రెలు, బూటు పట్టి గుంజే బురద. చలి చెవుల్లోంచి పోతోంది. కుడిపక్కన నీళ్లు, మూడు జలాశయాలు ఒకదాని పైన ఒకటి: లేడీబవర్, డెర్వెంట్, హౌడెన్.

హౌడెన్ జలాశయం దాటి పైకి పోతే స్లిప్పరీ స్టోన్స్ అనే చోటు వస్తుంది. మన భాషలో జారుడు రాళ్లు. అక్కడ డెర్వెంట్ నది ఇంకా వాగే. దాని మీద రెండు కమాన్ల సన్నటి రాతివంతెన, పక్క గోడలు మోకాలంత కూడా లేవు. మేం దాని మీద కూర్చుని రొట్టెలు తిన్నాం. గుంపులో నర్సుగా పనిచేసి రిటైరైన ఒకావిడ ఆ రాయి మీద చెయ్యి వేసి, “ఈ వంతెన ఇక్కడిది కాదు, మునిగిపోయిన ఊరిది” అంది.

కథ ఇది. డెర్బీ, నాటింగ్‌హామ్, షెఫీల్డ్, లెస్టర్ నగరాల తాగునీళ్ల కోసం లేడీబవర్ జలాశయం కట్టారు. 1935లో మొదలుపెడితే రెండో ప్రపంచయుద్ధం నడుస్తుండగా నీళ్లు నిండాయి. ఆరో జార్జి రాజు 1945 సెప్టెంబరులో ప్రారంభించాడు. డెర్వెంట్, ఆషాప్టన్ అనే రెండు ఊళ్లు మునిగాయి. డెర్వెంట్ చర్చి ఆవరణలోని సమాధులు తవ్వి పక్కనున్న బామ్‌ఫర్డ్‌లో మళ్లీ పూడ్చారు. చర్చి గోపురం కొన్నాళ్లు నీళ్లలోంచి కనబడుతుండేది, దాన్ని 1947లో పేల్చేశారు. ఆ ఊళ్లోనే 17వ శతాబ్దపు వంతెన ఒకటి ఉండేది. గుర్రాల వీపు మీద రెండుపక్కలా మూటలు వేసుకుని వర్తకులు దాటే వంతెన. మూటలు తగలకూడదనే పక్క గోడలు అంత పొట్టి. మన దగ్గర లంబాడీలు పెరిక ఎడ్ల మీద ఉప్పూ ధాన్యం దక్కనంతా తిప్పినట్టే. ఆ వంతెనను రాయి రాయి విప్పి దాచారు. 1959లో లోయ పైభాగాన, ఈ జారుడు రాళ్ల దగ్గర, మళ్లీ నిలబెట్టారు. జాన్ డెర్రీ అనే షెఫీల్డు పత్రికా సంపాదకుడి స్మారకంగా నిలబెట్టారు. ఆయన ఆ కొండల్లో నడక మీద పుస్తకం రాసి ఎంతోమందిని ఆ దిక్కు నడిపించినవాడు.

ఇది వినగానే నాకు మంచాలకట్ట మాధవస్వామి గుర్తొచ్చాడు. మంచాలకట్ట దగ్గర నది ఒడ్డున ఉన్న ఆ గుడిని కూడా ముంపు వల్ల విప్పి, తెచ్చి, కొల్లాపూర్‌లో కట్టారు. సోమశిలలో సోమేశ్వరుడి గుళ్ల సముదాయం, జటప్రోలులో మదనగోపాలస్వామి, అగస్త్యేశ్వరుడు, ఇంకా ఎగువన కూడవెల్లి సంగమేశ్వరుడు. అందరూ అట్లా రాయి రాయిగా గట్టెక్కినవాళ్లే. మన పురావస్తు శాఖవాళ్లు చేసిన ఆ పని డెర్వెంట్‌లో జరిగిన పనికి ఏ రకంగానూ తీసిపోదు; ఎన్నో రెట్లు పెద్దది. కానీ ఒక తేడా ఉంది. అక్కడ వాళ్లు ఒక వంతెనను ఎత్తుకొచ్చి మళ్లీ వాగు మీదే పెట్టారు. మేం ఆ పూట దాని మీద నుంచే అవతలికి దాటాం. ఇక్కడ మనం దేవుళ్లను ఒడ్డుకు చేర్చాం. ఆ దేవుళ్ల దగ్గరికి జనం వచ్చిన దారిని వదిలేశాం.

ఒకసారి దారైతే ఎప్పటికీ దారే

ఇది చదివి ఇంగ్లీషువాళ్లకు పాదచారులంటే పుట్టుకతో ప్రేమ అనుకుంటే పొరపాటు. 1604కూ 1914కూ మధ్య వాళ్ల పార్లమెంటు 5,200కు పైగా ఎన్‌క్లోజర్ చట్టాలు చేసింది. దాదాపు 68 లక్షల ఎకరాల ఉమ్మడి భూమికి, బీళ్లకు కంచె పడింది. ఊరందరి మేత భూమి కొందరి పట్టా అయింది. షెఫీల్డు, మాంచెస్టరు మిల్లుల్లో పనిచేసేవాళ్లకు ఆదివారం ఒక్కటే సెలవు. చుట్టూ కొండలు కనబడతాయి కానీ ఎక్కడానికి లేదు, అవి జమీందార్ల వేటభూములు. 1900లో షెఫీల్డులో జి.హెచ్.బి. వార్డ్ అనే కార్మికుడు క్లారియన్ రాంబ్లర్స్ అనే నడక సంఘం పెట్టాడు. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టరు వైపు నుంచి బెన్నీ రాత్‌మన్ అనే ఇరవయ్యేళ్ల కుర్రాడి వెంట కొన్ని వందలమంది కిండర్ స్కౌట్ కొండ మీదికి అనుమతి లేకుండా ఎక్కారు. కాపలాదార్లతో తోపులాట జరిగింది. ఐదుగురికి జైలుశిక్షలు పడ్డాయి, రాత్‌మన్‌కు నాలుగు నెలలు.

అదే 1932లో పార్లమెంటు ఇంకో చట్టం చేసింది. దాని గురించి అంతగా ఎవరూ చెప్పుకోరు కానీ నా లెక్కలో అది కొండెక్కడమంత పెద్ద సంగతి. జనం ఒక బాటన అడ్డూ అదుపూ లేకుండా 20 ఏళ్లు నడిస్తే, యజమాని కాదని రుజువు చేసుకోలేకపోతే, అది అందరి దారే అన్నది ఆ చట్టం సారం. ఒకసారి దారైతే ఎప్పటికీ దారే అన్న సూత్రం అక్కడి కోర్టుల్లో అంతకుముందు నుంచే ఉంది. 1949 చట్టం జిల్లా కౌన్సిళ్లను ప్రతి కాలిబాటనూ మ్యాపులో గుర్తించమంది. ఆ మ్యాపులో ఉన్న గీతే సాక్ష్యం, వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఇప్పుడు ఇంగ్లండు, వేల్సుల్లో అట్లాంటి దారులు సుమారు 2,25,000 కిలోమీటర్లు. రైతు తన చేను దున్నుకోవచ్చు, కానీ చేను మధ్యనుంచి పోయే బాటను 14 రోజుల్లో మళ్లీ నడవడానికి వీలుగా చేసి ఇవ్వాలి. మా గుంపు ఆ డిసెంబరులో ఎవరి కంచె పక్కనుంచో, ఎవరి గొర్రెల నడుమనుంచో ధైర్యంగా నడిచిందంటే వెనక ఇదంతా ఉంది.

అక్కడ కూడా అంతా తేలిపోలేదు. 2000 సంవత్సరపు చట్టం కొండలను, బీళ్లను తెరిచింది కానీ ఇంగ్లండు మొత్తంలో అది ఎనిమిది శాతమే. పాత మ్యాపుల్లో ఉండి కొత్త మ్యాపులకు ఎక్కని దారులు వెతికితే ఇంగ్లండు, వేల్సుల్లో 49,000 మైళ్లు తేలాయని రాంబ్లర్స్ సంఘం లెక్క తీసింది. ఆ లెక్క తీసింది వేలమంది మామూలు మనుషులు, ఇళ్లలో కూర్చుని పాత మ్యాపునూ కొత్త మ్యాపునూ పక్కపక్కన పెట్టుకుని.

సర్కారు సర్కారుకు పరిహారమివ్వదు

శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో నెహ్రూ పునాదిరాయి వేశాడు. నిండు మట్టం 885 అడుగులు. ఆ మట్టం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా ఊళ్లు, లక్షకు పైగా జనం. 1981 ఎండకాలం చివర, ఇంకా ఖాళీ చేయని ఊళ్ల మీదికి బుల్డోజర్లు వచ్చాయి. దానికి పెట్టిన పేరే ‘ఆపరేషన్ డిమాలిషన్’. ముంపు ఇంటికో ఉద్యోగం అన్న 1986 నాటి 98 జీవో కోసం తిరిగి తిరిగి మనుషులు ముసలివాళ్లయ్యారు. ఇప్పటికీ కొల్లాపూర్ బస్టాండులో ‘తొంబై ఎనిమిది జీవో’ అంటే విడమరిచి చెప్పక్కర్లేదు.

పరిహారం ఇచ్చింది 1894 నాటి భూసేకరణ చట్టం ప్రకారం. భూమి మీద హక్కున్నవాడికి ఆ హక్కు ధర కట్టి ఇస్తుంది ఆ చట్టం. ఇల్లుకు యజమాని ఉన్నాడు. చేనుకు పట్టాదారు ఉన్నాడు. గుడికి దేవుడు ఉన్నాడు, ఆయన తరఫున ఒక శాఖ ఉంది. ఊరి బాటకు ఎవరున్నారు? అది కాగితాల్లో సర్కారుది. సర్కారు సర్కారుకు పరిహారం ఇచ్చుకోదు కదా. దారి మునిగితే నష్టపోయినవాళ్లు రెండు గట్ల జనం, కానీ వాళ్లలో ఏ ఒక్కరూ దానికి హక్కుదారు కాదు. అందుకని రేవులు, రేవులకు దిగే బండ్లబాటలు, ఎండకాలం నడిచి దాటే చోట్లు ఏ పంచనామాలోనూ కెక్కకుండా మునిగిపోయాయి.

సోమశిలలో పడవ నడిపిన ఒక పెద్దాయనను దీని గురించే అడిగాను. “బాట ఏడికి పోయింది బిడ్డా? కిందనే ఉన్నది. ఎండకాలం నీళ్లు గుంజితే కనపడ్తది గూడ. కానీ ఇప్పుడు దాని మీద నడిస్తే ఏ ఊరూ రాదు” అన్నాడు.

దారి పోయింది కానీ అవసరం పోలేదు. అవతలి గట్టున ఇవతలివాళ్ల ఆడపిల్లలున్నారు. సంక్రాంతికి మొదలయ్యే సింగోటం లక్ష్మీనరసింహస్వామి జాతరకు అవతలినుంచి జనం రావాలి. అంతకుముందు పుట్టి దాటింది ఏరు, ఇప్పుడు పడవ దాటాల్సింది జలాశయం. వెడల్పు వేరు, లోతు వేరు, గాలి వేరు. 2007 జనవరిలో, ఆ జాతర రోజుల్లోనే, మంచాలకట్ట దగ్గర నది దాటుతుండగా పడవ మునిగి 61 మంది చనిపోయారు. అదీ చలికాలమే. వాళ్లూ గుంపుగా బయల్దేరినవాళ్లే. పేపర్లు పడవ ప్రమాదం అని రాశాయి. పడవ పాతది, జనం ఎక్కువ అని కారణాలు చెప్పారు. అవన్నీ నిజమే కావచ్చు. కానీ శతాబ్దాలుగా ఉన్న ఒక దారిని తీసేసి దాని బదులు ఏమీ పెట్టకపోవడం ఆ కారణాల్లో మొదటిదని నేను అనుకుంటాను.

నక్షబాట

మనకు దారి హక్కు తెలియదని కాదు. పాలమూరు పల్లెల్లో ఏ పొలం తగాదాలోనైనా ఒక మాట వినబడుతుంది: “అది నక్షబాట!” గ్రామ నక్షాలో చుక్కల గీతగా ఉన్న బాటను దున్నేసినవాడిని పంచాయితీకి పిలిచి అనే మాట అది. బాట నక్షాలో ఉందా లేదా అన్నదే అక్కడ తీర్పు. ఇంగ్లండువాడు 1949లో చట్టంగా రాసుకున్నదాన్ని మనవాళ్లు ఎప్పటినుంచో నోటితో నడిపిస్తున్నారు. తేడా ఎక్కడంటే, ఆ నక్షా ఒక ఊరి పొలిమేర దాకే పోతుంది. ఊరి బాటకు సాక్షులున్నారు. ఊరినుంచి ఊరికి, గట్టునుంచి గట్టుకు పోయే బాటకు ఎవరూ లేరు. నల్లమలలో చెంచుల బాటలదీ ఇదే కథ. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో పెంట నుంచి పెంటకు వాళ్లు నడిచే దారులు ఏ నక్షాలో ఉన్నాయి? చైత్ర పౌర్ణమి ముందూ వెనకా కొద్దిరోజులు సలేశ్వరానికి జనాన్ని వదిలినప్పుడే మిగతావాళ్లకు ఆ అడవిలో దారి ఉన్న సంగతి గుర్తొస్తుంది.

సోమశిల, సిద్ధేశ్వరం మధ్య వంతెన కావాలని 2007 తర్వాత రెండు గట్లవాళ్లూ అడుగుతూనే ఉన్నారు. 2022లో కేంద్రం జాతీయ రహదారిలో భాగంగా దానికి ఒప్పుకుంది. అంచనా 1,082 కోట్ల పైచిలుకు. తీగల వంతెన, గోపురం ఆకారంలో స్తంభాలు, రాత్రిపూట దీపాలు, నడిచేవాళ్లకు గాజు నడకదారి అని ప్రకటించారు. హైదరాబాదు నుంచి తిరుపతికి 80 కిలోమీటర్లు తగ్గుతుందని లెక్క చెప్పారు. కావాల్సిందే. అడ్డు చెప్పే మాట లేదు.

కానీ ఆ కాగితాల్లో లెక్క హైదరాబాదు నుంచి తిరుపతికి ఉంది. మంచాలకట్ట నుంచి అవతలి గట్టుకు ఎంత తగ్గుతుంది, మూట నెత్తిన పెట్టుకుని వచ్చినామెకు ఆ గాజు దారిన టికెట్టు ఉంటుందా, ఊళ్లనుంచి వంతెన దాకా కాలిబాట ఎవరు వేస్తారు అన్నవి ఇప్పుడే అడగాలి. అడగడానికి ఆధారం కావాలి. మునగక ముందటి గ్రామ నక్షాలు రెవెన్యూ ఆఫీసుల్లో ఎక్కడో ఉంటాయి. ఆ రేవులు దాటిన మనుషులు ఇంకా కొందరున్నారు. వాళ్లకు ఏ బాట ఏ మర్రిచెట్టు కాడ తిరిగేదో నోటికి వచ్చు. కొల్లాపూర్, పెంట్లవెల్లి, ఆత్మకూరు కుర్రవాళ్లు నలుగురు ఒక చలికాలం ఆదివారాలు ఇస్తే ఆ నక్షాల పక్కన కూర్చుని ఆ పెద్దవాళ్లు చెప్పింది రాసుకోవచ్చు. వీరాస్వామయ్య పల్లకీలోంచి చూసి రాసిన దారిని, ఈసారి నడిచినవాళ్లు చెప్పగా రాసుకున్నట్టవుతుంది.